బియ్యంలో ప్లాస్టిక్ లేదన్న మాట కూడా అంతే గట్టిగా చెప్పండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో యూట్యూబ్ వార్తా చానెళ్లు నడుపుతున్న మిత్రులకు, విలేకరులకు, ఊరూరి వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు, వారితో పాటు రెండు జిల్లాల అధికారులకు

నమస్కారం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన టీచర్ని. పుత్తూరు దగ్గర పల్లెలో ఉంటాను. పెద్ద పత్రికలు మా పల్లెల వైపు తొంగి చూడకపోయినా రోడ్డు గుంతల మీద, కరెంటు కోతల మీద, చెరువు ఆక్రమణల మీద వీడియోలు తీసింది మీరే. ఆ పని మీద నాకు గౌరవం ఉంది. అందుకే ఈ ఉత్తరం ముందుగా మీకే రాస్తున్నాను.

మా ప్రాంతంలో ఒక చానెల్ వారు ఆమధ్య ఒక వీడియో పెట్టారు. చానెల్ పేరు ఇక్కడ రాయను. రేషన్ బియ్యం నీళ్లలో పోస్తే కొన్ని గింజలు పైకి తేలాయి. అన్నం ముద్ద చేసి నేలకు కొడితే బంతిలా ఎగిరింది. ‘ప్లాస్టిక్ బియ్యంతో మన బిడ్డల్ని చంపేస్తున్నారు, వెనక ఎవరున్నారో తెలిస్తే షాక్ అవుతారు’ అని ఎర్ర అక్షరాలు. మర్నాటికే అది ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది. బడిలో మధ్యాహ్నం అన్నం తినొద్దని తల్లులు చెప్పి పంపారు. కొందరు ఇంట్లో ఉన్న రేషన్ బియ్యం కోళ్లకు పోశారు. నేను, ఇంకొందరు టీచర్లు వెళ్లి ఆ చానెల్ వారిని కలిశాం. మర్యాదగానే మాట్లాడారు. ‘మీరు చెప్పేది నిజమే కావచ్చు సార్, కానీ ఆ వీడియో బాగా పోతా ఉంది’ అన్నారు. రాసి కూడా ఇచ్చాం, జవాబు లేదు. ఒక కార్యాలయంలో అర్జీ పెడితే ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. వీడియో ఇంకా అక్కడే ఉంది.

ముందు ఆ బియ్యం సంగతి చెప్తాను. తేలిన గింజలు పోషకాలు కలిపిన గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో వేసి మళ్లీ గింజ ఆకారంలోకి తెస్తారు. వంద కిలోల మామూలు బియ్యానికి ఇవి ఒక కిలో కలుపుతారు. పిండితో చేసినవి కాబట్టి రంగు కాస్త తేడాగా ఉంటుంది, కొన్ని నీళ్లలో తేలతాయి. అన్నం ముద్ద ఎగరడానికి కారణం గంజి. ఉడికిన బియ్యంలోని పిండి పదార్థం జిగటగా మారి ముద్దను పట్టి ఉంచుతుంది. మీ ఇంట్లో పండిన బియ్యంతో వండిన ముద్ద కూడా గట్టిగా పిసికి కొడితే ఎగురుతుంది. ప్లాస్టిక్ అయితే మంట మీద పెడితే కరిగి కంపు కొడుతుంది, ఉడికి అన్నం కాదు. ఈ పథకం సంగతి ప్రధానమంత్రి 2021 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రకటించారు. దాచిపెట్టిన విషయం ఏమీ కాదు. కాకపోతే బస్తా తెచ్చి దించినవాళ్లు గానీ, పంచినవాళ్లు గానీ మా ఊళ్లో ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంత చిన్న వివరణ జనానికి ఎందుకు ఎక్కలేదు? కుట్ర కథ మాత్రం ఒక్క పూటలో ఎట్లా ఎక్కింది? జనానికి తెలివి లేదు, చదువు లేదు అని కొట్టిపారేసే మాట నేను ఒప్పుకోను. మా ఊళ్లో ఆ వీడియో నాకు మొదట పంపినవాడు ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు.

మొదటి సంగతి, భయం ముందే ఉంటుంది. కథ తర్వాత వచ్చి దానికి అతుక్కుంటుంది. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ అనే భారతీయ మనస్తత్వ శాస్త్రవేత్త సేకరించారు. భూమి కంపించింది గానీ ఇళ్లు పెద్దగా కూలని చోట్ల కూడా ఇంకా పెద్ద ప్రళయం రాబోతోందన్న పుకార్లు జోరుగా నడిచాయి. భయం ఉంది, దానికి తగ్గ కారణం కళ్లెదుట లేదు. ఆ కారణాన్ని పుకారు తెచ్చి ఇచ్చిందని తర్వాత అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ వివరించారు. మా తల్లుల విషయం కూడా ఇదే. కల్తీ పాలు, కల్తీ నూనె, పురుగుమందు కొట్టిన కూరగాయలు అని రోజూ వింటున్న తల్లికి బిడ్డ తిండి మీద ముందే బెంగ ఉంది. తేలుతున్న బియ్యం గింజ ఆ బెంగకు సాక్ష్యంగా కనిపించింది.

రెండోది, నిజమైన కుట్రలు ఉన్నాయి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికి దేశాలు దాటించే ముఠాలు కట్టుకథ కాదు. రేషన్ బియ్యం పక్కదారి పట్టడం కట్టుకథ కాదు. ఇవన్నీ చూసిన మనిషి ‘నిప్పు లేందే పొగ వస్తాదా సారూ’ అని అడిగితే ఆ అనుమానాన్ని నేను తప్పు పట్టలేను. అనుమానపడటం మంచి గుణమే. అనుమానం వచ్చాక విచారించుకునే దారి పల్లెలో ఎవరికీ లేకపోవడమే కష్టం.

మూడోది, పెద్ద సంఘటనకు పెద్ద కారణమే ఉండాలని మనసు అడుగుతుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి రచ్చబండ కోసం మన చిత్తూరు జిల్లాకే బయలుదేరారు. నల్లమలలో పావురాలగుట్ట దగ్గర హెలికాప్టర్ కూలిపోయింది. వాతావరణం బాగాలేకపోవడం, సాంకేతిక లోపం రావడం, పైలట్ల దృష్టి ఆ లోపం మీదే ఉండిపోవడం అని విచారణలో తేలింది. కుట్రకు ఆధారం దొరకలేదు. కానీ అంత మనిషి మబ్బుకు, మిషను లోపానికి పోయాడంటే మనసుకు మింగుడు పడదు. ఆ ప్రమాదం వెనక ఒక వ్యాపార సంస్థ కుట్ర ఉందని ఒక విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన కథనాన్ని 2010 జనవరిలో టీవీ చానెళ్లు ఎత్తుకున్నాయి. అదే రాత్రి రాష్ట్రంలో చాలాచోట్ల ఆ సంస్థ దుకాణాల మీద జనం పడ్డారు. దుఃఖంలో ఉన్న జనానికి ఒక శత్రువు పేరు చేతికి ఇచ్చినందువల్ల జరిగిన పని అది.

ఇక ఎక్కువ చెప్పాల్సింది నాలుగోది. కుట్ర కథ వినడానికి బాగుంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నెదర్లాండ్స్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త యాన్ విలెమ్ వాన్ ప్రోయెన్, ఆయన సహచరులు 2022లో ఒక పరిశోధన ప్రచురించారు. 2019లో పారిస్‌లో నోటర్ డామ్ చర్చి తగలబడింది కదా. ఆ మంటల మీద కొందరికి కుట్ర కథనం ఇచ్చారు, కొందరికి మామూలు ప్రమాద కథనం ఇచ్చారు. కుట్ర కథనం చదివినవారికి అది ఎక్కువ ఆసక్తిగా, ఉత్కంఠగా అనిపించింది. ఎంత వినోదంగా అనిపిస్తే అంత ఎక్కువ నమ్మారు. మనం మామూలుగా ఏమనుకుంటాం? నమ్మినవాళ్లే పంచుకుంటారు, సరదాకు చూసేవాళ్లు చూసి వదిలేస్తారు అని. కాదు. సరదానే నమ్మకానికి దారి తీస్తోంది. ‘టైంపాస్‌కు పెట్టాం సార్, ఎవరు నమ్ముతారు’ అని మీలో కొందరు నాతో అన్నారు. ఆ మాట ఇక చెల్లదు.

మన జిల్లావాళ్లకు ఈ రుచి కొత్తేమీ కాదు. ఎండాకాలం వస్తే ధర్మరాజు గుళ్ల దగ్గర మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. లక్క ఇంటికి నిప్పు పెట్టే ఘట్టం, శకుని పాచికలు వేసే ఘట్టం వచ్చిందంటే నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. ఎవడో తెర వెనక పన్నాగం పన్నుతున్నాడు, అది మనకు మాత్రమే తెలుసు అనే ఊపులో ఒక ఆనందం ఉంది. ఆ ఆనందం నాకూ ఇష్టమే. అయితే హరిదాసు కథ ముగించి హారతి పట్టాక వినేవాళ్లకు అది కథ అని తెలుసు. శకునిని వెతుక్కుంటూ ఎవరూ కర్రలు పట్టుకుని పక్క ఊరికి పోరు. మీ వీడియో చివర అటువంటి హారతి లేదు. ఒకటి అయిపోగానే అలాంటిదే ఇంకోటి దానంతట అదే మొదలవుతుంది. ఒకే మాట పదిసార్లు వింటే అది నిజమనిపించడం మనిషి నైజం. 1977లోనే అమెరికా పరిశోధకులు దీన్ని ప్రయోగం చేసి చూపించారు.

ఈ కథల ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఇప్పుడు చెప్తాను.

1. 2020 ఫిబ్రవరి. మన దేశంలో కరోనా కేసులు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. శ్రీకాళహస్తి పక్కన తొట్టంబేడు మండలంలో ఒక రైతు చైనా వీడియోలు పదే పదే చూసి, తనకు వచ్చిన జ్వరం అదేనని నమ్మాడు. ఇంట్లోవాళ్లకు, ఊరికి అంటుకుంటుందని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. చివరికి ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు కరోనా లేదు. తనవాళ్లను కాపాడుతున్నానని నమ్మి పోయిన మనిషి ఆయన. ఆ వీడియోలు చేసినవాళ్లలో ఎవరికీ ఈయన సంగతి తెలిసి ఉండదు.

2. అదే ఏడాది ఏప్రిల్‌లో బైరెడ్డిపల్లె మండలంలో రెండు కుటుంబాలవాళ్లు, పదిమంది దాకా, ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. తాగితే కరోనా రాదని టిక్‌టాక్‌లో చూశారు. ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో పశువులు కాసే పిల్లోడికి కూడా తెలుసు. ఆ తెలిసిన సంగతిని కూడా ఫోన్లో వీడియో మరిపించగలిగింది.

3. 2018 మే నెలలో బిడ్డల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని రాయలసీమ అంతా ఊగిపోయింది. ఫోన్లలో తిరిగిన వీడియోల్లో ఒకటి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. మోటార్ సైకిల్ మీద వచ్చినవాళ్లు బిడ్డను ఎత్తుకుపోయి, తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండండని ఒక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించారు. మిగిలిన ముక్క దేశమంతా ప్రాణాలు తీసింది. మన సరిహద్దు పక్కనే, తిరువళ్లూరు జిల్లా పులికాట్‌లో, మతి సరిగా లేక తిరుగుతున్న ఒక మనిషిని కొట్టి చంపి వంతెనకు వేలాడదీశారు. జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో భిక్షానికి వచ్చిన ఐదుగురు సంచార జాతివాళ్లను చంపేశారు. దెబ్బలు తిన్నది ఎవరో చూడండి. బిచ్చగాళ్లు, సంచార జాతులు, మన భాష రానివాళ్లు, మతిస్థిమితం లేనివాళ్లు. తిరుమల దారిలో ఉన్న మన ఊళ్లకు రోజూ ఏ రాష్ట్రం వాళ్లు రారు? ఇక్కడ అపరిచితుడి మీద అనుమానం రాజేయడం ఎంత ప్రమాదమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

4. కోడిమాంసం తింటే కరోనా అన్న పుకారు ఒక్క సీజన్లో మన జిల్లా కోళ్ల రైతుల నడుం విరిచింది. కోడిని అమ్మితే దాణా ఖర్చు కూడా రాని రోజులు అవి.

5. మళ్లీ బియ్యం దగ్గరికే వస్తాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్ల లోపు పిల్లల్లో వందకు 63 మందికి ఉంది. ఐరన్ కలిపిన బియ్యం కోళ్లకు పోసింది ఈ ఇళ్లలోనే. బడి అన్నం మాని పస్తున్న పిల్లలు ఈ ఇళ్లవాళ్లే. ఆ బియ్యం మీద అడగాల్సిన నిజమైన ప్రశ్నలు వేరే ఉన్నాయి. తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులున్న పిల్లలకు అదనపు ఐరన్ మంచిదేనా అని డాక్టర్ల మధ్యే చర్చ ఉంది. కలిపే పాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో మన జిల్లాలో ఎవరు పరీక్ష చేస్తున్నారు? బియ్యం ఏ దారిన పక్కకు పోతోంది? ప్లాస్టిక్ గోలలో ఈ ప్రశ్నలు అడిగినవాళ్లే లేరు. లేని దొంగ వెనక ఊరంతా పరిగెత్తితే ఉన్న దొంగకు సుఖం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తిరుమల గురించి కూడా ఒక మాట. 2018 మేలో శ్రీవారి గులాబీ వజ్రం మాయమైందని ఒకప్పటి ప్రధాన అర్చకులు ఆరోపించారు. అది వజ్రం కాదు, కెంపు, 2001లో గరుడ సేవనాడు భక్తులు విసిరిన నాణేలు తగిలి పగిలింది, రికార్డుల్లో ఉంది అని టీటీడీ చెప్పింది. ఆ రాయి పగిలిన నెలలోనే ఈ మాట జనానికి చెప్పి ఉంటే? పదిహేడేళ్ల తర్వాత చెప్తే జవాబులా కాక, దొరికిపోయాక చెప్పిన సంజాయిషీలా వినపడింది. 2024లో లడ్డూ నెయ్యి వ్యవహారం దీనికి భిన్నం. అది ఉత్త పుకారు కాదు. సీబీఐ, రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రత సంస్థ అధికారులతో ప్రత్యేక దర్యాప్తు బృందం ఉండాలని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పింది. అయినా ఆ బృందం పని మొదలుపెట్టక ముందే మన చానెళ్లలో తీర్పులు వచ్చేశాయి. ఆరోపణ, విచారణ, రుజువు ఈ మూడూ వేర్వేరని చూసేవాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మీదే.

కాబట్టి మా కోరికలు ఇవి. మొదటివి చానెళ్లకు, అడ్మిన్లకు.

1. తప్పని తేలిన వీడియో తీసేసి ఊరుకోవద్దు. దిద్దుబాటు వీడియో పెట్టండి. అంతే పెద్ద అక్షరాలతో, అదే చానెల్లో, అదే గ్రూపుల్లో. మొదటిది చూసినవాళ్లకు రెండోది చేరకపోతే దిద్దినట్టు కాదు. దీన్ని కూడా ఉత్కంఠగా చేయొచ్చు. కరాచీ వీడియో చివరి ముక్క ఎక్కడ పోయింది, ఎవరు కత్తిరించారు అనేది ఏ కుట్ర కథకూ తీసిపోదు. కథ చెప్పే చాతుర్యం మీకు ఉంది. దాన్ని ఇటు తిప్పమని అడుగుతున్నాం.

2. తిండి, మందు, పిల్లలు, గుడి. ఈ నాలుగింటి మీద ఏ వీడియో పెట్టేముందైనా సంబంధించిన అధికారికో, డాక్టరుకో ఒక్క ఫోన్ చేయండి. వాళ్లు ఎత్తకపోతే ఎత్తలేదని వీడియోలోనే చెప్పండి.

3. ‘వెనక ఎవరున్నారో తెలిస్తే’ అని రాస్తే ఎవరున్నారో ఆధారంతో చూపించండి. లేకపోతే ఆ మాట రాయొద్దు.

4. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం డిజిటల్ వార్తా సంస్థలు ఫిర్యాదుల అధికారిని పెట్టి 15 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. మీ చానెల్ పేజీలో ఆ మనిషి పేరు, నంబరు ఉండాలి. మేము రాసి ఇచ్చిన కాగితానికి నెలలు గడిచినా జవాబు లేకపోవడం సరికాదు.

5. అడ్మిన్లారా, ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయింది’ అన్న గుర్తుతో వచ్చిన బిడ్డల దొంగల మెసేజ్, మందు చిట్కా మీ గ్రూపులో పడితే ఆ పూటే ఆపండి. పంపినవాడిని నలుగురిలో తిట్టొద్దు. తిడితే వాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. విడిగా ఫోన్ చేసి మాట్లాడండి.

ఇక రెండు జిల్లాల అధికారులకు.

6. మూక దాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని పెట్టాలని సుప్రీంకోర్టు 2018 జులై 17న ఆదేశించింది. మన రెండు జిల్లాల్లో ఆ అధికారి ఎవరో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో సచివాలయాల గోడల మీద, బస్టాండ్లలో, అలిపిరి దగ్గర రాయించండి. తమిళం, కన్నడంలో కూడా రాయించండి.

7. రేషన్ దుకాణంలో, బడి వంటగదిలో పోషకాల గింజలు విడిగా ఒక సీసాలో పెట్టి చూపించండి. తేలతాయని మీరే ముందుగా చెప్పండి. ముందే తెలిసినవాణ్ణి ఏ వీడియో భయపెట్టలేదు. ఇంకా అనుమానం ఉన్నవాళ్లు నమూనా ఇస్తే పరీక్ష చేయించి ఫలితం ఊళ్లో అతికించండి. అర్జీ పెట్టినవాడికి ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ పంపి వదిలేయకండి.

8. పుకారు పంచాడని పల్లెటూరి మనిషి మీద కేసు పెట్టి స్టేషన్ చుట్టూ తిప్పొద్దు. అరెస్టు చేస్తే ‘నిజం చెప్పాడు కాబట్టే పట్టుకున్నారు’ అన్న కథ ఇంకోటి పుడుతుంది. దాడికి పురిగొల్పినవాడి సంగతి వేరు, వాడి మీద చట్టం నడవాలి.

9. టీటీడీ వారు శ్రీవారి ఆభరణాల తనిఖీ ఫలితాన్ని ఏటా భక్తులకు అర్థమయ్యే తెలుగులో ప్రచురించాలి. ఏదైనా దెబ్బతింటే ఆ నెలలోనే ప్రకటించాలి.

చానెళ్ల మిత్రులు 15 రోజుల్లో జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఈలోగా ఏ చానెల్ అయినా సరే, మా ఊరి బడికి రండి. రేషన్ బియ్యం, మా పొలం బియ్యం, పొయ్యి, గిన్నెలు మేము పెడతాం. తల్లులను కూడా పిలుస్తాం. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్న, మేము చెప్పే ప్రతి జవాబు కత్తిరించకుండా వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ సైన్సు టీచర్, మరికొందరు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు
పుత్తూరు ప్రాంతం, తిరుపతి జిల్లా